తాళం తీసినా ఆగని బండి

చిన్నవెంకటమ్మ నా వాకిట్లోకి వచ్చి చేతిలోని చొక్కాను నా కాళ్ళ ముందర విసిరికొట్టింది. మెకానిక్కులు తొడుక్కునే ఖాకీ చొక్కా. నూనె మరకల మీద నెత్తురు ఎండిపోయి అట్ట కట్టుండాది.

"చూడు శ్రీరామప్పన్నా, చూడు! చొక్కా స్టేషన్ బయటికి విసిరేసినారు. మనిషి ఇంగా లోపలే ఉండాడు. మధ్యాహ్నం కోలారు కోర్టుకు తీసకపోతారంట. వేలిముద్ర వేసేదాకా కొడతానే ఉంటారంట. కోడిని కొయ్యమంటే నన్ను కొయ్యమని పక్కకు తిరుక్కునే మనిషన్నా ఆయప్ప! ఆయప్ప మనిషిని చంపినాడంటే నమ్ముతావా నువ్వు?"

"నమ్మను. లెయ్యి, ముందు నీళ్ళు తాగు."

"నీళ్ళు నాకెందుకు? నా మొగుణ్ణి తెచ్చియ్యి."

నేను బంగారు గనిలో వాచ్ అండ్ వార్డ్ కాపలా పని చేసినవాణ్ణి. షాఫ్ట్ నుంచి పైకొచ్చే వాళ్ళ నోళ్ళలో, చెప్పుల్లో, టిఫిన్ క్యారియర్ అడుగున బంగారు రాయి వెతికి వెతికి నా వేళ్ళు అరిగిపోయినాయి. రిటైరైనాక ఇన్సూరెన్స్ వాళ్ళకు ఎంక్వయిరీలు చేసిపెడతా ఉండాను. ఊరు నన్ను డిటెక్టివ్ అంటాది. కొత్తగా వచ్చిన ఎస్సై రామచంద్ర మాత్రం వాచ్‌మన్ అంటాడు. అననీ. నోరు వాడిది.

చచ్చింది ఉరిగాం సెబాస్టియన్. నిన్న పొద్దున తన షెడ్డులో, తన బండికీ వెనక గోడకీ నడుమ పడి నలిగిపోయినాడు. ఎవరో బండిని రివర్స్‌లో ఆయన మీదికి ఎక్కించినారు. చంపింది చిన్నవెంకటమ్మ మొగుడు మెకానిక్ పాపన్నేనని ఎస్సై తీర్పు చెప్పేసినాడు. కోర్టుదే బాకీ.

ఆ బండి సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. జర్మన్ బండి, డీజిల్, తెల్లగా ఏనుగంత ఉంటాది. బెంగుళూరులో ఎవరో ఫ్యాక్టరీ దొర వాడి వదిలిపెడితే, నాలుగు చేతులు మారి సెబాస్టియన్ చేతికి వచ్చింది. పెండ్లిండ్లకు బాడుగకు తిప్పేవాడు. ఏనుగును కొనొచ్చు, మేపేదే కష్టం. ఏ సామాను పోయినా బెంగుళూరు పాత సామాన్ల గుజిరీల్లో వెతకాల. అది దొరికి బిగించేలోపల ఇంగొకటి పోతాది. పెండ్లికొడుకును ఎక్కించుకుని సుగటూరు దగ్గర నడిరోడ్డులో నిలిచిపోయి, కడాకు ట్రాక్టర్‌తో లాక్కొచ్చిన రోజులు ఉండాయి.

అన్నిటికంటే పెద్ద రోగం ఇంగొకటి. ఆ డీజిల్ బండిని ఆపేది కరెంటు కాదు, గాలి. తాళం తిప్పితే సన్న రబ్బరు గొట్టం గాలి పీల్చుకుని ఇంజన్‌ను నిలిపేస్తాది. ఆ గొట్టం యాడో చీలింది. యాడ చీలిందో ఎవరికీ దొరకలా. తాళం తీసి జేబులో వేసుకున్నా బండి గడగడమంటానే ఉంటాది. బానెట్ ఎత్తి, లోపల ఇంజన్ మీదుండే చిన్న ఎర్ర లివర్‌ను వేలితో నొక్కితేనే నోరు మూసుకుంటాది.

నా చెల్లెలి కూతురి పెండ్లిలో నేనే అనుభవించినాను. మాంగల్యధారణ టయానికి మంటపం వాకిట్లో గడగడ గడగడ. అయ్యవారి మంత్రం అయ్యవారికే వినపడలా. సెబాస్టియన్ తాళం చేతిలో పట్టుకుని బెబ్బెబ్బె అంటా ఉంటే, బంతిలో కూర్చున్నోళ్ళు కూడా లేచొచ్చి నగినారు. అప్పటి నుంచి మా వైపు ఎవడైనా అదే పనిగా వాగితే 'సెబాస్టియన్ బండి' అంటారు.

కానీ అది ఉరిగాం వాళ్ళకు తెలిసిన సంగతి. ఎస్సై కొత్తోడు.

*

లాకప్‌లో పాపన్న గోడకు ఆనుకుని కూర్చోనుండాడు. ఒక కన్ను మూసుకుపోయింది. కింది పెదవి రెండుగా చీలింది. కుడిచేయి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో కప్పుకున్నాడు. తీసి చూసినాను. వేళ్ళు వాచి అరటికాయల మాదిరి ఉండాయి. రెండు వేళ్ళు వంగకూడని వైపుకు వంగుండాయి.

"మారప్పా," అన్నాను కాపలా కానిస్టేబుల్‌తో, "ఈ చెయ్యి స్పానర్ పట్టే చెయ్యప్పా. నీ స్కూటర్ కూడా ఇదే చెయ్యి రిపేరు చేసింది."

మారప్ప నేల చూసినాడు. "నేను కొట్టలేదన్నా. పట్టుకున్నా, అంతే."

"పాపన్నా, నిన్న పొద్దున ఏమైంది? దాపెట్టకుండా చెప్పు."

పాపన్న నోరు తెరిస్తే నెత్తురు జారింది. "తెల్లారక ముందే షెడ్డుకు పోయినా అన్నా. వైరు వేసినా."

"ఏం వైరు?"

"సైకిల్ బ్రేక్ వైరు. ఇంజన్ మీద లివర్‌కు కట్టి, లోపలికి తెచ్చి, స్టీరింగ్ కింద పెట్టినా. లాగితే బండి ఆగిపోతాది. బానెట్ ఎత్తే పని లేదు. నిన్న బాడుగకు పోవాల్సిన క్యాసంబళ్ళి పెండ్లిలో మళ్ళీ అవమానం ఎందుకని. వైరు పోగు గుచ్చుకుని వేలు తెగింది. ఆ నెత్తురే చూసి వీళ్ళు... సెబాస్టియనన్న అప్పుడు నిద్ర లేస్తా ఉండాడు, బండికి పూలు ఇంగా కట్టలా. కిటికీ దగ్గర నిలబడి వైరు సంగతి ఆయనకు చెప్పి, కోలారు బస్సు పట్టుకునేదానికి పరిగెత్తినా. చలికి ఇంజన్‌ను వేడి చేసే గ్లో ప్లగ్గు ఒకటి తేవాల్సుండింది."

"వైరు సంగతి ఇంగెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదన్నా. ఆయన పెండ్లాం వెనకాల వంటింట్లో ఉండింది. పెండ్లి నుంచి వచ్చినాక చూపిస్తామనుకున్నా."

వెనక నుంచి బూట్ల శబ్దం. ఎస్సై రామచంద్ర లాఠీ ఊపుకుంటా వచ్చి దాని కొనను నా రొమ్ము మీద పెట్టి తోసినాడు.

"ఏమప్పా వాచ్‌మన్, నా ముద్దాయితో నీకేం మాటలు?"

"మీ ముద్దాయి మా ఊరోడు సార్."

"మీ ఊళ్ళో రాయి దొంగల్ని పట్టుకున్నావంట గదా. ఇది హత్య. కొండను తవ్వి ఎలుకను పట్టే పని కాదు." కటకటాల్లోంచి లాఠీ దూర్చి పాపన్న భుజం మీద పొడిచినాడు. "పోయిన వారం సుగటూరులో బండి నిలిచిపోయింది. సెబాస్టియన్ పదిమందిలో వీణ్ణి చెంప మీద కొట్టినాడు. వీడు పగ పెట్టుకున్నాడు. బండిని వాడి మీదికి ఎక్కించి కోలారుకు పారిపోయినాడు. బస్టాండులో పట్టుకున్నాం, చేతి నిండా నెత్తురు. ఇంగేం కావాల నీకు?"

"చూసినోడు ఎవరు?"

"బావమరిది ఆర్థర్. బెంగుళూరులో ఉంటాడు, మొన్ననే అక్క ఇంటికి వచ్చినాడు. కేక విని షెడ్డులోకి పోయేసరికి వీడు డ్రైవర్ సీటు నుంచి దూకి పరిగెత్తినాడంట. ఆర్థర్ పోయి తాళం తిప్పి ఇంజన్ ఆపినాడు. తాళం తెచ్చి నా చేతికిచ్చినాడు."

"ఏమన్నారు సార్? తాళం తిప్పి ఆపినాడా?"

"ఆపక? ఎవడైనా ఇంజన్‌ను తాళం తిప్పే గదా ఆపేది?"

లోపల పాపన్న తల ఎత్తినాడు. మిగిలిన ఒక్క కన్ను నా మీద నిలిచింది. నేను కళ్ళతోనే ఊరుకో అన్నాను. ఇక్కడ నోరు జారితే ఆర్థర్ స్టేట్‌మెంట్ టీ తాగేలోపల మారిపోతాది. తిరగరాసిన స్టేట్‌మెంట్లు నేను చానా చూసినాను.

"కోర్టుకు పోయే ముందర షెడ్డులో సాక్షుల ముందర మహజరు రాస్తారు గదా సార్. నేనూ వస్తాను."

"రా. చూసి నేర్చుకో."

"అంతవరకు వీణ్ణి ముట్టుకోవద్దండి. కోర్టుకు పోయే ముందర డాక్టర్ చూస్తాడు."

ఎస్సై నగినాడు. నా కళ్ళలోకి చూస్తానే కటకటాల సందులోంచి లాఠీని పాపన్న చేతి మీదికి దించినాడు. ఆ వాచిన చేతి మీదికే. పాపన్న అరిచిన అరుపు గనిలో ఎయిర్‌బ్లాస్ట్ అయి నేల అదిరినప్పుడు ఇండ్లలో కేకలు పుట్టినట్ల పుట్టింది. నా చెయ్యి వాడి గొంతు దాకా పోయి ఆగింది. ఎట్ల ఆపుకున్నానో నాకే తెలీదు. కొట్టింటే నేనూ లోపల కూర్చోనుందును, పాపన్నను బయటికి తెచ్చేవాడు ఉండడు.

*

షెడ్డు గోడ అవతల అక్కయమ్మ ఇల్లు. నన్ను చూడగానే కొంగు నోటికడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏం చెప్పేదప్పా. ఆ బండి నిలిచిన రోజల్లా ఆ ఇంట్లో కేకలే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్ల, బండి మీద కోపం పెండ్లాం మీద తీర్చుకునేవాడు. సుగటూరు నుంచి వచ్చిన రోజు ఆయమ్మను షెడ్డులోకి ఈడ్చకపోయి ఫ్యాన్ బెల్టుతో కొట్టినాడు. మేమంతా విన్నాం."

"విని?"

అక్కయమ్మ షెడ్డు వాకిలి చెయ్యెత్తి చూపించి లోపలికి పోయింది.

షెడ్డులోకి పోయినాను. బండి మూతి వాకిలి వైపు, వీపు గోడ వైపు. శవాన్ని తీసేదానికి పోలీసులు బండిని కొంచెం ముందుకు తోసినారు, మిగతాదంతా ఎట్లుండేది అట్లే ఉండాది. వెనక గోడకు నడుము ఎత్తున సున్నం పగిలి, దాని మీద నెత్తురు నల్లబడి ఈగలు ముసురుకున్నాయి. నేల మీద ఒక చెప్పు, ఒక కట్టుడు పన్ను, డిక్కీకి కట్టబోయిన చామంతి దండ. వెనక బంపర్‌కు గుడ్డ పేలికలు అతుక్కోనుండాయి. ఒక్క దెబ్బకు చచ్చినవాడు కాదు. గోడ మీద ఐదు వేళ్ళ గీతలు కిందిదాకా జారినాయి. గోకినాడు. చానా సేపు గోకినాడు.

ముందుకు వచ్చినాను. పెండ్లి బండి గదా, అద్దం కింద నుంచి మూతి దాకా బానెట్ మీద కనకాంబరం సరాలు పరిచి టేపుతో అంటించినారు. బానెట్ మూసుకునే సందు దగ్గర, లైట్ల మీద, సరాలన్నీ పుటుక్కున తెగుండాయి. కత్తితో కోసినట్ల లేదు, లాగితే తెగినట్ల ఉండాది. అంటే పూలు కట్టినాక ఎవరో బానెట్ ఎత్తినారు.

ఎత్తి చూసినాను. ఎర్ర లివర్ పక్కనే ఇంజన్ మీద రెండు కనకాంబరాలు పడి, ఆ వేడికి మాడి అంటుకుపోయినాయి. లివర్‌కు కొత్త సైకిల్ వైరు మెరస్తా ఉండాది. పాపన్న అబద్ధం చెప్పలా. ఆ వైరును వెదుక్కుంటా పోతే స్టీరింగ్ కింద చీకట్లో ఒక చిన్న ఇనప రింగు తగిలింది. తెలిసినోడికి తప్ప కనపడదు.

బండి తోలినోడు పాపన్నే అయ్యుంటే రింగు లాగేసి పరిగెత్తేవాడు, బానెట్ జోలికి పోడు. ఆర్థర్ చెప్పేది నిజమైతే తాళంతో ఇంజన్ ఆగాల, అది ఆగదు. అంటే ఆ బండి పాత రోగం తెలిసి, కొత్త వైరు తెలీని మనిషి ఎవరో సెబాస్టియన్ గోడకు నలగతా ఉంటే బానెట్ ఎత్తి, లివర్ నొక్కి, మళ్ళీ నిమ్మళంగా బానెట్ మూసిపెట్టినారు.

"కాఫీ తాగుతారా అప్పా?"

సెబాస్టియన్ పెండ్లాం మార్గరెట్ వాకిట్లో నిలబడుండాది. నల్ల చీర, చెవులకు కమ్మల్లేవు. ముఖంలో ఏడ్చిన గుర్తే లేదు, నిద్ర లేని గుర్తు ఉండాది. కుడి ముంజేతికి తెల్లగుడ్డ చుట్టుకోనుండాది.

"చేతికేమైందమ్మా?"

"కాఫీ దించతా ఉంటే గిన్నె తగిలింది."

"నిన్న పొద్దున మీరు యాడుండారు?"

"వంటింట్లో. నాకేమీ వినపడలా. ఆ బండి స్టార్ట్ చేస్తే ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ వినపడదు. మాట్లాడాలంటే ముందు దాన్ని ఆపాల."

ఆమె వెనకే ఆర్థర్ వచ్చినాడు. జిమ్ములో పెంచిన కండలు, బిగుతు బనీను. అక్క భుజం పట్టుకుని పక్కకు జరిపినాడు.

"అక్కను కదిలించొద్దు అంకుల్. అడిగేదేమున్నా నన్ను అడగండి. చూసింది నేను."

"పాపన్న యా పక్క నుంచి దిగినాడు?"

"డ్రైవర్ పక్క నుంచే."

"నువ్వొచ్చేసరికి ఇంజన్ నడస్తా ఉండిందా?"

"నడస్తానే ఉండింది. ఎన్నిసార్లు చెప్పాల? తాళం తిప్పినాను, ఆగింది. బావను బయటికి లాగాలని చూసినా. అప్పటికే అయిపోయింది."

మార్గరెట్ తమ్ముడి వైపు చూసింది. ఏదో చెప్పబోయి మింగేసింది. తమ్ముడు ఏం స్టేట్‌మెంట్ ఇచ్చినాడో ఆమె అప్పుడే మొదటిసారి విన్నట్లుంది.

*

జీపు వచ్చింది. ఎస్సై దిగినాడు. వెనక పాపన్న, చేతులకు బేడీలు, పక్కన మారప్ప. మహజరు సాక్షికని అక్కయమ్మను పిలిపించినారు. చిన్నవెంకటమ్మ జీపు వెనకాలే పరిగెత్తుకుంటా వచ్చి రొప్పతా నిలబడింది. ఆ చొక్కా ఇంగా ఆమె చేతిలోనే ఉండాది.

"ఊఁ, బేగ కానీండి," అన్నాడు ఎస్సై. "కోర్టు లేచిపోతాది."

"ఒక చిన్న పని సార్," అన్నాను. "ఆర్థర్ నిన్న ఏం చేసినాడో అదే మళ్ళీ చేసి చూపిస్తే మహజరు గట్టిగా ఉంటాది. రేపు లాయరు లేచి అడిగితే మీకే మంచిది."

ఎస్సై నన్ను అనుమానంగా చూసినాడు గానీ, లాయరు మాట పని చేసింది. తాళం నా చేతికి విసిరినాడు. నేను సీట్లో కూర్చుని, ఇంజన్ వేడెక్కి పసుపు లైటు ఆరేదాకా కాచుకుని తిప్పినాను. బండి దగ్గి, దగ్గి, నల్లపొగ కక్కి అందుకుంది. షెడ్డు రేకులు అదిరిపోయినాయి. దిగి, ఆర్థర్‌కు తలుపు పట్టుకున్నాను.

"రాప్పా. ఆపు."

ఆర్థర్ భుజాలు ఎగరేసి లోపలికి వంగి తాళం తిప్పినాడు.

గడగడ గడగడ.

మళ్ళీ తిప్పినాడు. తాళం బయటికి లాగేసినాడు. చేతిలోని తాళాన్ని చూసినాడు, ఇంజన్ వైపు చూసినాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్కయమ్మ అంత దుఃఖంలోనూ నోటికడ్డం పెట్టుకున్న కొంగు వెనక నగేసింది.

"ఏమయ్యా ఇది?" ఎస్సై గొంతు చించుకుని అరిచినాడు.

"ఇది సెబాస్టియన్ బండి సార్!" నేనూ అరిచినాను. "తాళం తీస్తే ఆగదు! ఎన్నడూ ఆగలా! ఊరందరికీ తెలుసు, మీ సాక్షికే తెలీదు! వీడు చూడలా, ఆపలా! వీడొచ్చేసరికే ఇంజన్ ఎవరో ఆపేసినారు!"

నా మాట పూర్తి కాలా. ఆర్థర్ గోడ వారగా ఉన్న, టైర్లు విప్పే ఇనప కమ్మీ అందుకుని నా తల మీదికి తిప్పినాడు. తల తప్పించినాను గానీ భుజం తప్పలా. ఎముక పటక్‌మన్న శబ్దం ఇంజన్ శబ్దంలోనూ నాకు వినపడింది. కింద పడినాను. రెండో దెబ్బ నా తల పక్కన నేలకు తగిలి నిప్పు లేచింది. కాలితో వాడి మోకాలు కింద తన్నినాను. వాడు బండి మీద పడి, లేచి, నా గొంతు మీద మోకాలు పెట్టినాడు. కళ్ళు చీకట్లు కమ్మినాయి.

ఎస్సై లాఠీ వాడి వీపు మీద పడింది. మారప్ప జీపు దిగి వచ్చి వాడి జుట్టు పట్టుకుని వెనక్కి లాగినాడు. ఇద్దరూ కలిసి వాణ్ణి నేల మీద పడేసి కొట్టినారు. మూతి మీద, పక్కటెముకల మీద, యాడ దొరికితే ఆడ. నిన్నటి నుంచి తప్పు మనిషిని కొట్టిన కసంతా ఎస్సై ఇప్పుడు వీడి మీద తీర్చుకుంటా ఉండాడు.

"నేనే!" ఆర్థర్ నెత్తురు ఉమ్మతా అరిచినాడు. "నేనే చంపినా! నేనే తోలినా! చాలా?"

"విన్నావా వాచ్‌మన్?" ఎస్సై నా వైపు తిరిగినాడు. ముఖం వెలిగిపోతా ఉండాది. ఒక హంతకుడు పోతే ఇంగొకడు దొరికినాడు, వాడికింకేం కావాల? మళ్ళీ లాఠీ ఎత్తినాడు.

నాకు తెలుసు, వాడు కాదని. తాళంతో ఆగదని తెలీనోడికి ఎర్ర లివర్ యాడుందో ఏం తెలుస్తాది? చెప్పాలని నోరు తెరిచినాను, గొంతు రాలా. చేతిని స్టీరింగ్ కిందికి చాపి రింగు లాగింటే బండి ఆగిపోయుండేది. లాగలా. ఎందుకో లాగలా. మార్గరెట్ వైపు చూస్తా ఉండిపోయినాను.

మార్గరెట్ అరస్తా ఉండాది. నోరు కదిలేది కనపడతాది గానీ ఒక్క మాటా వినపడదు. ఎస్సై రెక్క పట్టుకుంది, వాడు విదిలించినాడు. మళ్ళీ అరిచింది. ఇంజన్ మింగేసింది. తమ్ముడి నోట్లోంచి పన్ను ఊడి ఆమె కాళ్ళ దగ్గర పడింది.

అప్పుడామె విసురుగా తిరిగింది. డ్రైవర్ తలుపులోకి చెయ్యి పెట్టి కింద హ్యాండిల్ లాగింది, ముందుకొచ్చి మూతి సందులో వేలు దూర్చి బానెట్ ఎత్తింది, లోపలికి వంగి చూడకుండానే ముంజేయి చాపి నొక్కింది. బండి ఒక్క వణుకు వణికి ఆగిపోయింది. ఆమె బానెట్ దించి, రెండు చేతులా అదిమి మూసి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటా ఇటు తిరిగింది.

"వాణ్ణి కొట్టొద్దండి," అనింది. ఆ నిశ్శబ్దంలో మాట షెడ్డంతా వినిపించింది.

ఎస్సై లాఠీ గాల్లోనే ఉండిపోయింది. ఆమె మా ముఖాలు చూసింది, తర్వాత తన చేతిని చూసుకుంది. ముంజేతి గుడ్డ జారిపోయింది. కింద పచ్చిపుండు, లివర్ పక్కన కాలే ఇనుము ఎంత వెడల్పో అంత వెడల్పు. దాని మీద నల్లటి నూనె మరక కొత్తగా అంటింది.

"అక్కా, మాట్లాడొద్దు," అని ఆర్థర్ నేల మీద నుంచి గొణిగినాడు.

"చాలు ఆర్థర్. ఇంగ చాలు." మార్గరెట్ బండి మీద చెయ్యి ఆనించి నిలబడింది. "చలికి బండి అందుకోలా. నన్ను సీట్లో కూర్చోబెట్టి యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. తను డిక్కీకి పూలు కట్టేదానికి వెనక్కి పోయినాడు. పెండ్లి దగ్గర ఈరోజు గనక నిలిచిపోతే రాత్రికి నీ పని చెప్తా అన్నాడు. బండి నిలిస్తే నా పని చెప్పేది ఆయనకు వాడుక." పెదవి పైకెత్తి చూపించింది. "డీజిల్ పంపు పోయినప్పుడు ఈ రెండు పండ్లు. రేడియేటర్ పగిలినప్పుడు ఈ వేలు. బ్రేకులు అరిచిన రోజు కడుపులో ఉండిన బిడ్డ. ఈ బండి బాగుపడేది కాదప్పా. నాకు తెలిసిపోయింది. అందుకే రివర్స్ వేసినా."

నేనే అడిగినాను, "తర్వాత?"

"తాళం తీసినా. ఆగుతాదా? ఆయన గోడకు నిలబడి అరస్తా ఉండాడు, శబ్దంలో వినపడలా. ఏమంటా ఉండాడోనని దిగి, ఎప్పటి మాదిరే బానెట్ తీసి ఆపినా. అప్పుడు వినపడింది. 'బంపర్‌కు ఏమైనా అయిందా చూడే' అంటా ఉండాడు." ఆమె జారిన గుడ్డను మళ్ళీ ముంజేతికి చుట్టుకుంది. "బండి ముందుకు తీసుంటే బతికేవాడేమో. ఆ మాట విన్నాక తీయలా. ఆయన నిమ్మళించేదాకా నిలబడినా. తర్వాత ఆర్థర్ వచ్చినాడు. నువ్వు నోరు తెరవొద్దు, నేను చూసుకుంటా అన్నాడు."

చిన్నవెంకటమ్మ ముందుకొచ్చింది. చొక్కాను మార్గరెట్ రొమ్ముకు అదిమి పట్టింది.

"నీ తమ్ముడికి దెబ్బలు పడితే తట్టుకోలేక ఇంజన్ ఆపినావే అమ్మా. నిన్నటి నుంచి నా మొగుడికి పడతా ఉంటే యాడుండావు?"

మార్గరెట్ ఆ చొక్కాను రెండు చేతులా పట్టుకుంది.

మారప్ప ఎస్సైని అడక్కుండానే పోయి పాపన్న బేడీలు విప్పినాడు. పాపన్న జీపు కమ్మీ పట్టుకుని దిగి, తూలుకుంటా షెడ్డులోకి వచ్చినాడు. నేను ఆసరాకు పోతే వద్దన్నాడు. డ్రైవర్ తలుపు దగ్గర ఆగి, పనికిరాని కుడిచేతిని ఎత్తలేక, ఎడమచేత్తో స్టీరింగ్ కిందికి చూపించినాడు.

"అది లాగింటే సరిపోయేది గదమ్మా," అన్నాడు. చీలిన పెదవితో మాటలు సరిగ్గా రాలేదు. "బానెట్ ఎందుకు ఎత్తినావు? బండి ఆగక అవమానమైన రోజల్లా నిన్ను కొడతాడని అక్కయమ్మ చెప్పింది. ఇంగ ఆ ఒక్క దానికైనా నీకు దెబ్బలు తప్పుతాయని వేసినా. నీకోసరం వేసినా."

మార్గరెట్ వంగి లోపలికి చూసింది. చీకట్లో తడుముకుంటే రింగు ఆమె వేలికి దొరికింది. మెల్లగా ఒకసారి లాగింది. ఇంజన్ ముందే ఆగిపోయుండాది కాబట్టి ఏమీ కాలేదు.